వీధినాటకంలో హాస్యగాడి విద్య

హాస్య నవలల, చిత్రాల విలువ తేల్చేముందు మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు పల్లెల భారత ఉత్సవాల్లో, అంటే పగలు హరికథగా చెప్పిన మహాభారతాన్ని రాత్రి వీధినాటకంగా ఆడే వేడుకల్లో, తెల్లవార్లూ జనాన్ని మేలుకొలిపి ఉంచే హాస్యగాణ్ణి లెక్కలోకి తీసుకోవాలి. రాజు వేషగాడు పద్యం ముగించగానే అందులోని ఒక మాటను పట్టుకొని, దాన్ని ఊరి వాడుకలోకి దించి, ఎదురు ప్రశ్నలతో తికమకపెట్టి, కథ దారి తప్పకముందే మళ్లీ రాజుకు అప్పగించడం అతని పని. ఇందులో అన్నిటికంటే కష్టమైనది ఎక్కడ ఆపాలో తెలియడం.

మొక్కపాటి నరసింహశాస్త్రి 'బారిస్టర్ పార్వతీశం'లో హాస్యం కథానాయకుడి అమాయకత్వం నుంచి పుడితే, చిత్తూరు మాండలికంలో, అంటే ఆ జిల్లా పల్లెల నిత్యవ్యవహార భాషలో, నామిని సుబ్రహ్మణ్యం నాయుడు రాసిన 'పచ్చనాకు సాక్షిగా'లో అది మాటతీరు నుంచే పుడుతుంది గనుక, హాస్యగాడి విద్యకు నామినే దగ్గర. భారత కథలోని పాత్రల చేత ఇంటి ముచ్చట్లు ఆడించిన 'మాయాబజార్' (1957) కూడా ఈ తోవలోదే, అదీ ఎంతో మేలైనది. అయితే సినిమా నటుడికి మరో టేకు దొరుకుతుంది, ఆటస్థలంలో నిలబడినవాడికి దొరకదు.

అప్పటికప్పుడు పుట్టే ఈ సంభాషణలు ఆటతోనే పోతాయి కాబట్టి, 1997లో కుప్పంలో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం వంటి సంస్థల పరిశోధకులు, పద్యాలతోపాటు హాస్యగాడి మాటలను కూడా పూర్తిగా రికార్డు చేసి అచ్చువేయాలి.