ప్రకటనలు చెప్పే పాఠకుడు

ఒక పత్రిక ఎవరి కోసమో తెలుసుకోవాలంటే ముందు దాని ప్రకటనలు చదవాలి. సంపాదకీయం లోకానికంతా హితవు చెబుతుంది. ప్రకటనకు డబ్బు కట్టే వ్యాపారి మాత్రం పేజీ తిప్పేవాడి జేబు, వయసు, చిరునామా లెక్క వేసుకున్నాకే కడతాడు. బ్యాంకులో పద్దులు చూసే నాకు ఖాతాదారు మాటలకన్నా అతని పాస్‌బుక్కే ఎక్కువ చెబుతుంది.

ఈ చూపుతోనే మా వాషర్‌మెన్‌పేట్‌లో దొరికే తెలుగు దినపత్రికను చదువుతుంటాను. హైదరాబాదు శివార్లలో ఇళ్ళ స్థలాలు, విజయవాడ ఆసుపత్రులు, కోస్తా జిల్లాల కాలేజీల్లో ప్రవేశాలు - ప్రకటనలు ఎక్కువగా ఇవే. చెన్నై వార్తలంటే ఉగాది సభలు, సన్మానాలు, శాలువాల ఫొటోలు. మా వీధికి నీళ్ళెప్పుడొస్తాయో, ప్లస్ టూ ఫలితాలెప్పుడో తెలియాలంటే తమిళ పత్రిక కొనాల్సిందే. ఈ పత్రిక ఊహించుకున్న పాఠకుడు ఉద్యోగానికి చెన్నై వచ్చి, సొంత ఊళ్ళో స్థలం కొని, ఎప్పటికైనా తిరిగి వెళ్ళేవాడు. తాతల నాటి నుంచీ ఇక్కడే ఉన్నవాడు ఆ లెక్కలో లేడు.

ఒకప్పుడు ఉండేవాడు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 'ఆంధ్రపత్రిక'ను 1908లో బొంబాయిలో వారపత్రికగా మొదలుపెట్టి, 1914లో మద్రాసులో దినపత్రిక చేశారు. దాన్ని నిలబెట్టింది అమృతాంజనం రాబడి. తలనొప్పికి ఊరూ పేరూ లేదు కదా! ఆ సరుకుకు బొంబాయి తెలుగువాడూ, మద్రాసు తెలుగువాడూ, బెజవాడ తెలుగువాడూ ఒకటే. మా పేట కాలేజీకి పేరిచ్చిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టిగారి జస్టిస్ పార్టీకి ఇంగ్లీషులో 'జస్టిస్', తమిళంలో 'ద్రావిడన్', తెలుగులో 'ఆంధ్రప్రకాశిక' ఉండేవి. తెలుగు చదివేవాడు మద్రాసు రాజకీయానికి కావలసినవాడన్నమాట.

ఇప్పుడు ఎం.సి. రోడ్డు చూడండి. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి పెళ్ళిబట్టలకు వచ్చేవాళ్ళతోనూ మనతోనూ ఆ కొట్లవాళ్ళు తెలుగులోనే బేరం సాగిస్తారు. ఆ కొట్ల ప్రకటన తెలుగు పత్రికలో కనిపించడం మాత్రం, నేను చూసినంతలో, అరుదు. వ్యాపారికి మనమీద కోపమేమీ లేదు. మనం తెలుగులో బేరమాడి తమిళంలో చదువుతామని అతనికి తెలుసు.

2006 నాటి తమిళ అభ్యసన చట్టం ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి ఏటా ఒక్కో తరగతికి తమిళాన్ని తప్పనిసరి చేసుకుంటూ వచ్చింది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు ఎందరో తెలుగు అక్షరం కూడబలుక్కోలేరు. చదివేవాడు తగ్గితే ప్రకటన రాదు, ప్రకటన లేకపోతే స్థానిక వార్తకు చోటుండదు, ఆ వార్త లేకపోతే ఉన్న పాఠకుడూ పోతాడు. అసలు తరిగిపోయే ఖాతా ఇది.

ఈ ఖాతాలో మొదటి జమ పత్రికే వేయాలి. వారానికి ఒక పావు పేజీ మా పేట నీళ్ళకూ, పరీక్షల తేదీలకూ, పిల్లలు చదవగల నాలుగు పెద్దక్షరాల వాక్యాలకూ ఇస్తే చాలు. దాని పక్కనే ఎం.సి. రోడ్డు కొట్టు ఒకటి, చిన్నదైనా సరే, తెలుగులో ప్రకటన వేసిన రోజున మనల్ని ఇక్కడివాళ్ళుగా ఎవరో లెక్కపెట్టారని నమ్ముతాను.