ఇంటి మనిషి ఓవర్‌టైం

"నువ్వు పనివాడివి కాదురా, మా ఇంటి మనిషివి!" బట్టల కొట్టు యజమాని నోట ఈ మాట వచ్చిందంటే, పండగ రోజుల్లో రాత్రి పదకొండు దాకా షట్టర్ దించరని గుమాస్తాకు అర్థమైపోతుంది. ఆ మాటలో ప్రేమ లేదనడం అన్యాయం. కూతురి పెళ్లికి చేబదులిచ్చేదీ, ఆసుపత్రికి పరుగెత్తేదీ ఆ యజమానే. చిక్కల్లా, ఇంటి మనిషి ఓవర్‌టైం ఏ మొహంతో అడుగుతాడు?

యజమాని ఇంట్లో నేర్చిన సంస్కారం అతని వెంటే కొట్లోకి వస్తుంది, ఫ్యాక్టరీలోకీ వస్తుంది. పార్శీ పూజారుల వంశంలో పుట్టిన జంషెడ్‌జీ టాటా 1877లో నాగపూర్‌లో ఎంప్రెస్ మిల్లు తెరిచాడు. అక్కడ 1886లో పింఛను నిధి, 1895లో ప్రమాద పరిహారం వచ్చాయి. ఏ చట్టమూ ఆయన్ని అడగలేదు. ఆయన పోయాక వారసులు సాక్చిలో, అంటే నేటి జంషెడ్‌పూర్‌లో, నడిపిన ఉక్కు కర్మాగారం 1912లోనే ఎనిమిది గంటల పనిదినం పెట్టింది. అంతకు ముందు ఏడాది వచ్చిన ఫ్యాక్టరీ చట్టం నూలు మిల్లుల్లో మగవాళ్లను రోజుకు 12 గంటలు పనిచేయించుకోవచ్చంది. దేశంలోని ఫ్యాక్టరీలన్నిటికీ వారానికి 48 గంటల లెక్క, అంటే ఆరు రోజులకు సగటున రోజుకు ఎనిమిది గంటలు, చట్టంగా రావడానికి 1948 దాకా ఆగాల్సివచ్చింది.

మరి జంషెడ్‌పూర్ కార్మికులు తృప్తిగా ఉన్నారా?

1920లో సమ్మె చేశారు. 1922లో మళ్లీ చేశారు. 1928లో ఉద్యోగాల కోత మీద నెలల తరబడి పని ఆపారు. సుభాష్ చంద్రబోస్ వచ్చి నాయకత్వం వహించాడు. తమాషా ఏమిటంటే, కంపెనీ ప్రసూతి ప్రయోజనం మొదలుపెట్టిందీ అదే ఏడాది. ఇంత చేసినా సమ్మెలేమిటని విసుక్కునేవాళ్లు అప్పుడూ ఉండే ఉంటారు. కానీ పింఛను ఎంత మంచిదైనా, రేపు పని ఉంటుందో లేదో తెలియని మనిషికి నిద్ర పట్టదు. పైగా ఇచ్చేది ఏమిటో, ఎప్పుడో, ఎంతో అంతా యజమానే తేల్చేస్తే పుచ్చుకునేవాడికి ఎక్కడో ముల్లు గుచ్చుకుంటూనే ఉంటుంది. ఈ రెండోది మంచి యజమానులకే ఎక్కువగా అర్థం కాదు.

జంషెడ్‌పూర్‌లో 1956లో యాజమాన్యం, కార్మిక సంఘం ఒప్పందం రాసుకున్నాయి. కార్మికుల ప్రతినిధులు అధికారులతో కలిసి కూర్చునే ఉమ్మడి మండళ్లు దాంతో వచ్చాయి.

మన బజారు షావుకార్లకు అంత పెద్ద మండళ్లు అక్కర్లేదు. ఈ దసరాకు కొత్త బట్టలతో పాటు, వారపు సెలవు ఏ రోజో, ఓవర్‌టైం గంటకు ఎంతో గుమాస్తాలతో కూర్చుని కాగితం మీద రాసివ్వండి.