చీలికలోనే ఉంది పనితనం

మేదరి పనిలో నన్ను ఎక్కువ అబ్బురపరిచేది బుట్ట అల్లిక కాదు, వెదురు చీల్చడం. పచ్చి బొంగును కత్తితో సగానికి, ఆ సగాన్ని మళ్లీ సగానికి చీలుస్తూ పోతారు. రెండు వైపులా మందం సమానంగా ఉంటేనే చీలిక తిన్నగా సాగుతుంది. పక్కకు ఒరిగితే, మందంగా ఉన్న వైపును కాస్త ఎక్కువ వంచుతారు. చీలిక మళ్లీ నడిమికొస్తుంది. ఆ తేడా కొలబద్దకు కాదు, వేళ్లకే తెలుస్తుంది! పైపొర బద్దలు గట్టివి, బరువు పడే చోట అవే వాడతారు. అల్లేటప్పుడు నిలువు బద్దలను అడుగున చక్రంలా పరిచి, సన్నబద్దను ఒకదాని పైనుంచీ మరోదాని కిందనుంచీ పోనిస్తారు. నిలువు బద్దలు బేసి సంఖ్యలో ఉంటే చాలు, ఒక్క సన్నబద్దే చుట్టు చుట్టుకూ పైకిందులు మార్చుకుంటూ ఎక్కుతుంది. మేకు అక్కర్లేదు, జిగురు అక్కర్లేదు. అలా అల్లిన బుట్టలో గాలి ఆడుతుంది, కూరగాయలు చెమర్చవు. మన పెళ్లిళ్లలో పెళ్లికూతురిని కూర్చోబెట్టి మండపానికి మోసుకొచ్చేదీ ఇలాంటి వెదురు గంపలోనే. అంత నమ్మకం ఆ అల్లిక మీద. ఈసారి సంతలో బుట్ట కొనేటప్పుడు అంచు కట్టు ఒకసారి తడిమి చూడండి, బేరమాడకుండా అడిగిన ధర ఇవ్వండి.