ఖాళీ నగరం, కిక్కిరిసిన గోపురం

ఇటలీలోని ఉర్బీనో రాజప్రాసాదంలో ఉన్న 'ఆదర్శ నగరం' చిత్రంలో మనిషన్నవాడు లేడు. పదిహేనో శతాబ్దం చివర్లో చెక్క పలక మీద వేశారు. ఎవరు వేశారో నేటికీ తేలలేదు; చిత్రకారుడు పియరో దెల్లా ఫ్రాంచెస్కాతో మొదలుపెట్టి చాలామంది పేర్లు చెప్పారు. పొడవు 2.4 మీటర్ల దాకా ఉంటుంది, ఎత్తు 70 సెంటీమీటర్లకు లోపే. రంగురాళ్లు పరిచిన చౌకు, నడుమ గుండ్రటి భవనం, అటొకటి ఇటొకటి బావులు. ఆ బావుల్లో నీళ్లు తోడేదెవరు? దూరాన్ని చూపే గీతలన్నీ ఆ భవనం గుమ్మం వైపే పోతాయి. గుమ్మం తలుపు ఓరగా తెరిచి ఉంది. అంత లెక్కగా కట్టిన ఊళ్లో నాకు నచ్చిన అజాగ్రత్త అదొక్కటే.

చిత్రకారుడు పీటర్ బ్రూగెల్ 1563లో వేసిన 'బాబెలు గోపురం' వియన్నాలో ఉంది; ఆకాశాన్ని అంటాలని మనుషులు కట్టబోయి, దేవుడు అడ్డుపడితే ఆపేసిన బైబిలు కథలోని గోపురమది. ఇందులో తిన్నగా నిలబడ్డదేదీ లేదు. చుట్టలు చుట్టుకుంటూ పైకెళ్లే బాటకు తగ్గట్టు కమానులు కట్టడంతో గోపురమే పక్కనున్న ఊరి మీదికి ఒరిగింది. కింది అంతస్తు పూర్తి కాకుండానే పైది లేపుతున్నారు. మనుషులు చక్రం లోపల నడుస్తూ తిప్పే భారీ క్రేన్ రాళ్లు ఎత్తుతోంది. ముందు మూల, గోపురం కట్టిస్తున్న నిమ్రోదు రాజు వస్తే రాళ్లు చెక్కేవాళ్లు మోకరిల్లారు. పైన పనిలో ఉన్నవాళ్లకు ఆ సంగతే పట్టలేదు.

ఇద్దరు చిత్రకారులూ తమ నమూనాలను రోమ్ నుంచే తెచ్చుకున్నారు. ఉర్బీనో చిత్రకారుడు అక్కడి పాత కట్టడాల కొలతలు తీసుకుని, పగుళ్లను వదిలేశాడు. 1550ల మొదట్లో రోమ్ చూసొచ్చిన బ్రూగెల్ కొలోసియం శిథిలాన్నే కట్టబోయే గోపురానికి నమూనా చేసుకున్నాడు. అహంకారానికి శిక్ష అని ఈ బొమ్మను చదవడం మామూలే. కాదనను గానీ, శిక్ష కోసమే వేసినవాడు తాపీపనిని ఇంత ముచ్చటగా చూపిస్తాడా?

బ్రూగెల్ దీన్నే చిన్నదిగా మళ్లీ వేశాడు. అది రోటర్‌డామ్‌లో ఉంది. అక్కడ గోపురం చాలావరకు లేచింది. రాజు లేడు, చుట్టూ ఊరూ లేదు. మనుషులు చుక్కలంతే. ఇటుకలు, సున్నం పైకి లాగిన చోట గోడ మీద ఎర్రటి, తెల్లటి చారలు మిగిలాయి. ఉర్బీనోకు దగ్గరైన బాబెలు అదే.