రెండు కీబోర్డులు, ఒకే కర్సర్

సూపర్‌మార్కెట్ బిల్లింగ్ కౌంటరులోని కంప్యూటరుకు సాధారణంగా రెండు కీబోర్డులుంటాయి. ఒకటి అందరికీ కనిపించేది. రెండోది బార్‌కోడ్ స్కానర్. యూఎస్‌బీకి తగిలించే స్కానర్లలో చాలావాటిని కంప్యూటర్ కీబోర్డుగానే గుర్తిస్తుంది. స్కానర్ బిస్కెట్ ప్యాకెట్ మీది గీతలు చదివి, 890తో మొదలయ్యే 13 అంకెలను ఎవరో గబగబా టైపు చేసినట్టు పంపి, చివర ఎంటర్ కూడా తనే కొడుతుంది. కౌంటరులో అమ్మాయి కస్టమరు ఫోన్ నంబరు కొడుతుండగా పక్కనున్న కుర్రాడు తొందరపడి ప్యాకెట్ స్కాన్ చేస్తే, ఆ అంకెలన్నీ ఫోన్ నంబరు గడిలోకి వెళ్లి పడతాయి. కొట్టిన అక్షరం ఏ కిటికీలో, ఏ గడిలో పడాలో నిర్ణయించేది ఫోకస్. కీబోర్డులు రెండైనా ఫోకస్ ఒక్కటే కావడంతో వచ్చిన చిక్కు ఇది. ఒకటికి మించి కీబోర్డులున్నప్పుడు విండోస్, లైనక్స్ ఏం చేస్తాయో పక్కపక్కన పెట్టి చూడాలి.

విండోస్‌కు ఎన్ని కీబోర్డులు తగిలించినా అన్నీ కలిసి ఒకటే. ఒకదాని మీద షిఫ్ట్ పట్టుకుని ఇంకోదాని మీద ఏ నొక్కితే పెద్ద ఏ పడుతుంది. ల్యాప్‌టాప్‌కు విడిగా కీబోర్డు పెట్టుకునేవాళ్లకు కావలసింది ఇదే, ఆ మేరకు ఈ పద్ధతిని తప్పుపట్టలేం. పైగా ఏ అక్షరం ఏ కీబోర్డు నుంచి వచ్చిందో విండోస్‌కు తెలుసు. 2001లో వచ్చిన ఎక్స్‌పీ నుంచీ రా ఇన్‌పుట్ అనే ఏర్పాటు ఆ వివరాన్ని, అడిగిన ప్రోగ్రాముకు చెబుతూనే ఉంది. నా అభ్యంతరం ఆ తర్వాతి మెట్టు దగ్గర. చెబుతుంది కానీ, ఆ కీబోర్డును పూర్తిగా నీకే వదిలేస్తున్నాను అనదు. స్కానర్ అంకెలు బిల్లింగ్ ప్రోగ్రాముకు విడిగా తెలిసినా, తెరమీద ముందున్నది వేరే ప్రోగ్రామైతే అక్కడా పడతాయి. అందుకే చాలామంది ప్రోగ్రామర్లు అడ్డదారి పట్టారు. అక్షరానికీ అక్షరానికీ మధ్య వ్యవధి కొలిచి, మనిషి అంత వేగంగా కొట్టలేడు కాబట్టి ఇది స్కానరే అని తేల్చుకుంటారు. యంత్రానికి తెలిసిన సంగతిని మనిషి ఊహించాల్సి రావడం మంచి రూపకల్పన అనిపించుకోదు.

లైనక్స్‌లో ఈ పని సూటిగా జరుగుతుంది. ప్రతి కీబోర్డూ విడిగా ఒక ఫైలులా కనిపిస్తుంది. అనుమతి ఉన్న ప్రోగ్రాము దాన్ని తెరిచి, తనకే సొంతం చేసుకోవచ్చు. ఇక ఆ స్కానర్ అంకెలు ఇంకెక్కడా పడవు. దుకాణం వరకూ లైనక్స్‌దే పైచేయి అని సందేహం లేకుండా చెప్పగలను.

ఇద్దరు మనుషులు ఒకే తెర ముందు కూర్చున్నప్పుడు మాత్రం లెక్క మారుతుంది. బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా బృందం, ఒకే కంప్యూటర్ చుట్టూ మూగిన బడిపిల్లల కోసం తలా ఒక మౌస్ ఇచ్చే ప్రయోగాన్ని 2006 నాటికే చేసింది. మైక్రోసాఫ్ట్ తర్వాత దాన్ని మల్టీపాయింట్ పేరుతో ప్రోగ్రామర్లకు అందించింది కూడా. అది మౌస్‌తో మొదలవడానికి కారణం ఉంది. మౌస్ తన చోటును తనే వెంట తెచ్చుకుంటుంది, రంగు మార్చి ఇంకో బాణం గుర్తు గీస్తే సరిపోతుంది. కీబోర్డుకు ఆ చోటును ఎవరో ఇవ్వాలి.

ఆ చోటు ఇచ్చే పనిని నిజంగా నెత్తికెత్తుకున్నది పీటర్ హటరర్. యూనివర్సిటీ ఆఫ్ సౌత్ ఆస్ట్రేలియాలో పీహెచ్‌డీ పరిశోధనగా ఆయన మొదలుపెట్టిన ఎంపీఎక్స్, లైనక్స్‌లో తెరనూ కీబోర్డునూ మౌస్‌నూ చూసుకునే ఎక్స్ సర్వర్ 1.7తో 2009లో అందరికీ వచ్చింది. టెర్మినల్‌లో ఎక్స్‌ఇన్‌పుట్ ఆజ్ఞతో కొత్త మాస్టర్‌ను, అంటే బాణం, కీబోర్డు కలిసిన ఒక జతను, సృష్టించగానే తెరమీద రెండో బాణం ప్రత్యక్షమవుతుంది. రెండో మౌస్‌నూ రెండో కీబోర్డునూ ఆ జతకు అతికిస్తే, వాటికి వేరే ఫోకస్ ఏర్పడుతుంది. ఒకరు ఒక కిటికీలో ఉత్తరం రాస్తుంటే ఇంకొకరు పక్క కిటికీలో లెక్కలు వేసుకోవచ్చు. ఈ ఆలోచన నాకు ఎంతో నచ్చింది. మనిషికో ఫోకస్ ఉండాలని వ్యవస్థ అడుగుపొరలోనే ఒప్పుకున్న పని ఇది. అయితే పైపొర దానికి కలిసిరాలేదు. తెరమీది కిటికీలను సర్దే విండో మేనేజర్లలో ఎక్కువ భాగం ఒక్క జతనే పట్టించుకుంటాయి. రెండో మౌస్‌తో కిటికీ మీద నొక్కినా రెండో కీబోర్డు ఫోకస్ అక్కడికి రాకపోవచ్చు. ఇద్దరూ ఒకే కిటికీలో ఉంటే పాత ప్రోగ్రాములు ఇద్దరి అక్షరాలనూ కలగలిపేస్తాయి.

ఈ గొడవంతా లేకుండా తెరనే విడదీయడం ఇంకో దారి. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 5,000 బడులకు ఎంచుకున్న ఎన్‌కంప్యూటింగ్ పద్ధతి అలాంటిదే, ఒకే కంప్యూటరును పంచుకునే ఒక్కో పిల్లవాడికీ వేరే కీబోర్డు, వేరే తెర. అక్కడ ఫోకస్ తగాదా రాదు, కానీ ఇద్దరూ కలిసి ఒకే బొమ్మ మీద పనిచేసే వీలూ ఉండదు.

తెలుగు రాసేవాళ్లకు అన్నిటికన్నా దగ్గరైన సంగతి లేఅవుట్, అంటే ఏ మీట నొక్కితే ఏ అక్షరం పడాలన్న అమరిక. ఎక్స్‌లో లేఅవుట్‌ను పరికరానికి కట్టవచ్చు. సెట్‌ఎక్స్‌కేబీమ్యాప్ ఆజ్ఞకు పరికరం నంబరు చెబితే, ఎడమ చేతి పక్కనున్న కీబోర్డు ఇంగ్లిష్, కుడి పక్కది తెలుగు ఇన్‌స్క్రిప్ట్. కే, డీ, జే మీటలు వరుసగా నొక్కితే ఒకదాంట్లో ఆ మూడు ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి, రెండోదాంట్లో క్ర పడుతుంది. భాష మార్చే మీట జోలికే పోనక్కర్లేదు. రెండు భాషల్లో పేజీ కూర్చే డీటీపీ ఆపరేటరుకు, ఏ భాషలో ఉన్నానో అని తెర మూలకు చూసుకునే పని తప్పుతుంది. విండోస్‌లో భాషను కిటికీకి కట్టవచ్చు, లేదా మొత్తానికి ఒకటే పెట్టుకోవచ్చు. కీబోర్డుకు కట్టే వీలు సెట్టింగుల్లో ఎక్కడా లేదు. నా దృష్టిలో ఇది ఎంపీఎక్స్ లేకపోవడం కన్నా పెద్ద లోటు, ఎందుకంటే ఒక్క మనిషికి కూడా రోజూ పనికొచ్చే సౌకర్యం ఇది.

ఇప్పుడు ఎక్స్ తెరమరుగవుతోంది. రెడ్‌హ్యాట్ సంస్థ 2025లో తెచ్చిన తన లైనక్స్ 10వ వెర్షన్‌లో ఎక్స్ సర్వరును తీసేసింది. దాని స్థానంలోకి వచ్చిన వేలాండ్‌లో సీటు అనే భావన మొదటినుంచీ ఉంది. ఒక్కో సీటుకూ దాని మౌస్, దాని కీబోర్డు, దాని ఫోకస్. స్వే అనే విండో మేనేజర్ ఒకటికి మించి సీట్లను ఒప్పుకుంటుంది, ప్రతి కీబోర్డుకూ వేరే లేఅవుట్ ఇవ్వనిస్తుంది. కానీ దానికి కాన్ఫిగ్ ఫైలు తెరిచి చేత్తో రాసుకోవాలి, డీటీపీ సెంటరులో ఆ ఓపిక ఎవరికుంటుంది? లైనక్స్‌లో ఎక్కువమంది వాడే గ్నోమ్ డెస్క్‌టాప్ సెట్టింగుల్లో కీబోర్డు పేరు ఎదురుగా భాష ఎంచుకునే గడి ఒకటి పెట్టమని అడగడం మొదలుపెట్టాల్సింది, రోజంతా రెండు లిపుల్లో పనిచేసే మనలాంటివాళ్లమే.