పాత కారులోని బొగ్గు డబ్బా: తీసివేయుట మరమ్మతా?

ఏప్రిల్, మే నెలలలో కామారెడ్డి జిల్లాలోని బాన్సువాడలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుట సామాన్యము. అట్టి ఎండలో నిలిపి ఉంచిన పాత కారు ప్రక్కగా నడచువారికి ఒక్కొక్కప్పుడు పెట్రోలు వాసన సోకును. ఇంజను నడుచుట లేదు. క్రింద చుక్కయైనను కారుట లేదు. మరి ఈ వాసన ఎక్కడిది? టాంకులోని పెట్రోలు ఆవిరియై బయటికి వచ్చుచున్నది. దీనిని ఆపుటకే నేటి పెట్రోలు బండ్లలో ఒక చిన్న నల్లని డబ్బా అమర్చబడి ఉండును. మెకానిక్కులు దీనిని కానిస్టర్ అందురు. బండి పాతబడిన పిమ్మట దీనిని ఊడదీసి పారవేయుట కొందరికి వాడుకయైనది. "దీనితో పని లేదు, తీసివేసిన మైలేజి పెరుగును" అని చెప్పుదురు. ఈ మాటలో నిజమెంతయో పరిశీలింపవలసి యున్నది.

పెట్రోలు ఒకే పదార్థము కాదు. అది అనేక హైడ్రోకార్బన్ల మిశ్రమము. వీనిలో తేలికయైనవి సాధారణ ఉష్ణోగ్రత వద్దనే ఆవిరియగును. 38 డిగ్రీల వద్ద పెట్రోలు బాష్ప పీడనము వాతావరణ పీడనములో ఇంచుమించు సగముండును. ఉదయము నుండి మధ్యాహ్నము వరకు టాంకు వేడెక్కినకొలది లోపలి గాలియు ఆవిరియు వ్యాకోచించి బయటికి దారి వెదకును. రాత్రి చల్లబడినప్పుడు బయటి గాలి లోనికి పోవును. టాంకు దినమున కొకసారి ఊపిరి పీల్చి విడుచుచున్నదని చెప్పవచ్చును.

ఈ విడిచిన ఊపిరియే డబ్బాలోనికి పోవును. డబ్బా నిండ ఉత్తేజిత బొగ్గు ఉండును. ఒక గ్రాము బొగ్గులోని సూక్ష్మరంధ్రముల ఉపరితలమంతయు పరచినచో సుమారు 1000 చదరపు మీటర్లగును. పెట్రోలు అణువులు ఈ ఉపరితలమును అంటిపెట్టుకొనును. దీనినే అధిశోషణము అందురు. తరువాత బండి నడుచునప్పుడు పర్జ్ వాల్వు తెరచుకొనును. ఇంజను పీల్పునకు డబ్బాగుండ తాజా గాలి ప్రవహించి, బొగ్గును అంటియున్న అణువులను విడదీసి ఇంజనులోనికి కొనిపోవును. అచ్చట అవి మండిపోవును. బొగ్గు మరల ఖాళీయై మరునాటికి సిద్ధమగును.

ఇట్లు పట్టుకొనబడు ఆవిరి ఎంత? ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ లెక్క కట్టగలడు. టాంకులో 20 లీటర్ల ఖాళీ కలదనుకొందము. 38 డిగ్రీల వద్ద ఒక మోల్ వాయువు సుమారు 25.5 లీటర్లు ఆక్రమించును. ఆవిరి పీడనము సగము వాతావరణమైనచో ఆ ఖాళీలో సుమారు 0.39 మోల్ ఆవిరి ఉండును. ఆవిరి సగటు అణుభారము 65 అని గ్రహించినచో ఇది 25 గ్రాములు. టాంకు 25 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు వేడెక్కినచో, దాదాపు 10 గ్రాముల ఆవిరి బయటికి నెట్టబడునని ఇదే విధముగ గణింపవచ్చును. భారత్ స్టేజి నిబంధనల ప్రకారము, మూసిన గదిలో చేయు పరీక్షలో, కారు మొత్తము మీద విడువదగిన ఆవిరి 2 గ్రాములు మాత్రమే. డబ్బా చేయు పని ఎంతటిదో ఈ రెండంకెలే చెప్పుచున్నవి.

ఇప్పుడు మైలేజి మాట చూతము. డబ్బా పెట్రోలును తినదు; పోవు పెట్రోలును పట్టి ఇంజనునకు తిరిగి ఇచ్చును. దానిని తీసివేసిన ఆదా ఎట్లగును? నిజమునకు దినమునకు 10 గ్రాములు, అనగా 14 మిల్లీలీటర్లు నష్టమే. అయితే లీటరు నూరు రూపాయలు దాటిన నేటి ధరలో కూడ ఇది ఒకటిన్నర రూపాయ మాత్రమే. యజమానికి ఈ నష్టము తెలియనే తెలియదు. తెలియని నష్టమును లేని నష్టమని భావించుట వలననే ఈ దురభిప్రాయము నిలిచి యున్నది.

మెకానిక్కుల మాట పూర్తిగ నిరాధారమని చెప్పుటయు న్యాయము కాదు. పర్జ్ వాల్వు మూసుకొనక తెరచియే ఉండిపోయినచో నిలిచిన బండిలో ఇంజను కుదురుగ తిరుగదు. పెట్రోలు పోయించిన వెంటనే స్టార్టు కాక మొరాయించును. బొగ్గు తడిసినచో పెట్రోలు పాలు అధికమై ఇంజను నల్లపొగ విడువవచ్చును. అట్టి బండిలో డబ్బాను తప్పించిన వెంటనే బాధ తగ్గును. "చూచితిరా!" అని మెకానిక్కు అనును. చూచినది నిజమే, తీసిన సిద్ధాంతము తప్పు. చెడినది వాల్వు, దోషము అంటినది డబ్బాకు. వాల్వు ఒక్కటి మార్చినచో తీరు బాధకు ఏర్పాటునంతటిని తొలగించుట మరమ్మతు అనిపించుకొనదు.

పైగా తీసిన తరువాత టాంకు నుండి వచ్చు పైపును ఏమి చేయవలెను? రెండే మార్గములు కలవు. పైపు కొనను గట్టిగ మూసినచో, పెట్రోలు ఖర్చయినకొలది టాంకులో పీడనము తగ్గవచ్చును. మూతలోని వాల్వు సరిగ లేనిచో పెట్రోలు అందక బండి దారిలో ఆగును. పైపును తెరచి విడిచినచో దుమ్ము, నీరు లోనికి పోవును. ఆవిరి నిరాటంకముగ బయటికి వచ్చును. ఒకటి బండికి కీడు, రెండవది మనుష్యులకు కీడు.

ఈ రెండవ కీడే ముఖ్యమైనది. పెట్రోలులో బెంజీన్ ఘనపరిమాణములో నూటికి ఒక వంతు వరకు ఉండవచ్చునని మన ప్రమాణములు అంగీకరించుచున్నవి. బెంజీన్ రక్త క్యాన్సర్ కలిగించునని నిశ్చయముగ తెలిసిన పదార్థము. ఆవిరిలో అది నూటికి అర వంతు మాత్రమే అనుకొన్నను, 10 గ్రాములలో 50 మిల్లీగ్రాములగును. గాలి ఆడని 40 ఘనమీటర్ల కారు షెడ్డులో ఇది కలిసినచో, ఘనమీటరు గాలిలో 1250 మైక్రోగ్రాములు. 2009 నాటి జాతీయ ప్రమాణము ప్రకారము బయటి గాలిలో సంవత్సర సగటు 5 మైక్రోగ్రాములు మించరాదు. గాలి ఆడుచో ఈ సంఖ్య చాల తగ్గునను మాట నిజమే. కాని ఇంటి ముంగిట, పిల్లలు పడుకొను గది కిటికీ క్రిందనే కారు నిలుపు అలవాటు మన ఊళ్లలో కలదు. అగ్నిభయము కూడ విస్మరింపరాదు. పెట్రోలు ఆవిరి గాలి కంటె బరువైనది. నేలను అంటి ప్రాకును. గాలిలో అది నూటికి సుమారు 1.4 నుండి 7.6 వంతుల వరకు ఉన్నప్పుడు నిప్పురవ్వతో మండును. 10 గ్రాములు షెడ్డంతట సమముగ కలిసినచో ఆ స్థాయికి రాదు. తెరచిన పైపు కొన దగ్గర మాత్రము అట్లని నిశ్చింతగ ఉండుటకు వీలు లేదు.

"అంబాసిడర్ కార్లు ఈ డబ్బా లేకనే ఎన్ని ఏండ్లు తిరుగలేదు?" అని కొందరు అడుగుదురు. తిరిగినవి, ఆవిరిని విడుచుచునే తిరిగినవి. దాని ఫలితము కార్లు కిక్కిరిసిన చోట ముందుగ బయటపడినది. 1950 ప్రాంతమున లాస్ ఏంజిలిస్ నగరమును కప్పిన కన్నులు మండు పొగమంచును హాగెన్-స్మిట్ అను శాస్త్రజ్ఞుడు పరిశోధించెను. హైడ్రోకార్బన్లు, నైట్రోజన్ ఆక్సైడులు సూర్యకాంతిలో చర్య జరిపి ఓజోన్ మొదలగు వానిని పుట్టించుచున్నవని ఆయన చూపెను. ఆ మీదట 1970లో కాలిఫోర్నియాలోను, 1971లో అమెరికా అంతటను కొత్త కార్లలో ఆవిరిని అరికట్టు ఏర్పాటు తప్పనిసరి అయ్యెను. మంజీర ఒడ్డున వరి పొలముల నడుమ నున్న బాన్సువాడ లాస్ ఏంజిలిస్ కాదు; పల్లె గాలిలో ఓజోన్‌ను ఎక్కువగ నిర్ణయించునవి నైట్రోజన్ ఆక్సైడులు. కనుక ఇచ్చట డబ్బాను సమర్థించుటకు ఓజోన్ కంటె ఇంటి గాలియే బలమైన కారణము. అదే కారు హైదరాబాదు చేరినప్పుడు మొదటి కారణము కూడ వచ్చి కలియును.

మరి పొల్యూషన్ పరీక్షలో ఈ లోపము బయటపడదా? పడదు. ఆ పరీక్షలో, పొగగొట్టము నుండి వచ్చు కార్బన్ మోనాక్సైడు, హైడ్రోకార్బన్లు మొదలగు వానిని మాత్రమే కొలుతురు. ఆవిరి పొగగొట్టము నుండి రాదు. టాంకు పైపు నుండి వచ్చును. డబ్బా లేని కారు కూడ సర్టిఫికెట్టు పొందగలదు. ఈ సర్టిఫికెట్టును చూపి "అంతయు సరిగనే యున్నది" అనుట, జ్వరము లేదు కనుక రోగమే లేదనుట వంటిది. పరీక్ష కొలువని దానిని గూర్చి పరీక్ష ఏమియు చెప్పజాలదు. ఇది కార్లకే గాక ప్రతి శాస్త్రీయ కొలతకును వర్తించు నియమము, తరగతిలో బోధింపదగినది.

చేయవలసినది కష్టమైనది కాదు. పెట్రోలు బంకులో నాజిల్ తనంతట ఆగిన పిమ్మట, రూపాయలు సరిపెట్టుటకై ఇంకను పోయించరాదు; అధికమైన పెట్రోలు డబ్బాలోనికి పోయి బొగ్గును తడుపును. వాసన వచ్చినప్పుడు ముందుగ పైపుల పగుళ్లు, టాంకు మూత రబ్బరు చూడవలెను. కరెంటుతో పనిచేయు పర్జ్ వాల్వు కరెంటు లేనప్పుడు గాలిని పోనీయరాదు; పోనిచ్చినచో మార్చవలెను. బొగ్గు నిజముగ పాడైనచో మరియొక డబ్బా అమర్చవలెను.

2017 నుండి భారత్ స్టేజి 4 నిబంధనలతో మోటారు సైకిళ్లు, స్కూటర్లు కూడ ఇట్టి డబ్బాతోనే వచ్చుచున్నవి. అనగా ఈ ప్రశ్న ఇక కారు గలవారిది మాత్రమే కాదు. ఉపాధ్యాయుని స్కూటరులోను, విద్యార్థి తండ్రి మోటారు సైకిలులోను అదే బొగ్గు కలదు. "తీసివేయమందురా?" అని మెకానిక్కు అడిగిన దినమున, "చెడినది ఏది?" అని తిరిగి అడుగుట నేర్చినచో చాలును.