అన్న చొక్కా తమ్ముడికి

నిస్సాన్ సిల్వియా ఎస్13 ముందు చక్రం కింద ఉండే లోయర్ ఆర్మ్‌ని, దాని తర్వాతి తరం ఎస్14 ఆర్మ్‌ని నేలమీద పక్కపక్కన పెడితే కవలల్లా కనిపిస్తాయి. రెండింటికీ ఒక కొసన రబ్బరు బుష్, ఇంకో కొసన బాల్ జాయింట్. బుష్ రంధ్రాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి రెండో కొస చూడండి. ఎస్14 ఆర్మ్ దాదాపు వేలి వెడల్పంత పొడుగు తేలుతుంది. జపాన్‌లో ఈ వేలి వెడల్పు కోసం పాత కార్లు విప్పి అమ్మే దుకాణాలన్నీ గాలించిన కుర్రాళ్లు ఎందరో.

ఇలా ఒక బండి భాగాన్ని ఇంకో బండికి వాడటాన్ని అక్కడ 'ర్యూయో' అంటారు. ఆ మాటను రాసే రెండు అక్షరాల్లో ఒకదానికి ప్రవాహమని, రెండోదానికి వాడకమని అర్థం. ఒక మడికి పారే నీటిని గట్టు తెంచి పక్క మడికి మళ్లించడం లాంటిదే ఈ పని. నీరు పారాలంటే రెండు మళ్ల మట్టం తెలియాలి. ఇక్కడా అంతే.

ఈ పద్ధతికి నిస్సాన్ కార్లు అంతగా కలిసిరావడానికి కారణం వాటి పుట్టుకలోనే ఉంది. ఎస్13 సిల్వియా 1988లో వచ్చింది. ఇంజన్ ముందు, తిప్పే చక్రాలు వెనక, బరువు తక్కువ. మరుసటి ఏడాది అదే చట్రం మీద 180ఎస్‌ఎక్స్ వచ్చింది. ఆ 1989లోనే ఆర్32 స్కైలైన్, జడ్32 ఫెయిర్‌లేడీ కూడా వచ్చాయి. ఒకే కంపెనీ, దాదాపు ఒకే కాలం. నాలుగింటికీ వెనకవైపు మల్టీలింక్ సస్పెన్షనే, అంటే ఒక్కో చక్రాన్ని చాలా ఆర్ములు పట్టి ఉంచే ఏర్పాటు. కొండదారుల్లోనూ రేస్ ట్రాకుల్లోనూ బండిని పక్కకు జార్చి నడిపే డ్రిఫ్టింగ్ మోజు కెయిచీ త్సుచియా లాంటివాళ్ల వల్ల ఊపందుకున్నాక ఈ కార్లకు గిరాకీ పెరిగింది. గోడకు తగలడాలూ ఆర్ములు వంగడాలూ పెరిగాయి. కొత్త భాగం కొనే స్తోమత లేనివాడు తుక్కు కొట్టు వైపు నడిచాడు. 180ఎస్‌ఎక్స్ ముఖం పగిలితే సిల్వియా ముఖం తగిలించి, ఆ బండికి 'సిల్‌ఎయిటీ' అని పేరు కూడా పెట్టుకున్నారు. ముఖానికి సాగిన మార్పిడి కాళ్లకూ సాగింది.

ఎస్14 ఆర్మ్ కథలో చిన్న తమాషా ఉంది. జపాన్‌లో వెడల్పు 1.7 మీటర్లు దాటిన కారు చిన్న కార్ల వర్గంలోంచి పెద్ద వర్గంలోకి పోతుంది. ఎస్13 వెడల్పు 1,690 మిల్లీమీటర్లు. ఎస్14ని 1,730కి పెంచితే 'సిల్వియా లావెక్కింది' అని జనం పెదవి విరిచారు. 1999లో వచ్చిన ఎస్15ను కంపెనీ మళ్లీ 1,695కి కుదించింది. బండిగా నచ్చని ఆ లావే విడిభాగంగా పనికొచ్చింది. దాని పొడుగు ఆర్మ్ ఎస్13కి వేస్తే ముందు చక్రాలు కాస్త ఎడంగా నిలబడతాయి, మలుపులో పట్టు పెరుగుతుంది.

అయితే అన్న చొక్కా తమ్ముడికి భుజాల దగ్గర సరిపోయినంత మాత్రాన చేతుల దగ్గర సరిపోతుందని లేదు. ఆర్మ్ పొడుగు పెరిగితే చక్రం అడుగుభాగం బయటికి జరుగుతుంది, పైభాగం స్ట్రట్‌కి అతుక్కుని ఉన్నచోటే ఉంటుంది. చక్రం లోపలికి వాలుతుంది, అంటే నెగెటివ్ క్యాంబర్ పెరుగుతుంది. స్టీరింగ్ కదలికను చక్రానికి చేర్చే టై రాడ్ మాత్రం పాత కొలతే కనుక చక్రాల చూపు, అదే టో, కూడా మారిపోతుంది. టై రాడ్ సరిచేసి, వీల్ అలైన్‌మెంట్ మళ్లీ చేయించాల్సిందే. చేయించకపోతే టైరు ఒక అంచున అరిగిపోయి ఆ సంగతి చెబుతుంది.

తర్వాతి మెట్టు హబ్‌లు. ఎస్13కి చక్రం బిగించే బోల్టులు నాలుగు, ఎస్14 టర్బోకి అయిదు. అవి కూర్చునే వలయం కొలత మాత్రం రెండింటికీ 114.3 మిల్లీమీటర్లే. అయిదు బోల్టుల హబ్ వేసుకుంటే దొరికే చక్రాల రకాలు పెరుగుతాయి, జడ్32 బ్రేకులకూ దారి తెరుచుకుంటుంది. జడ్32 ముందు క్యాలిపర్లకు నాలుగేసి పిస్టన్లు, హబ్‌ని పట్టి ఉంచే ఎస్13 నకిల్‌కి అవి నేరుగా పడతాయి. కానీ ఆ డిస్కుకు అయిదు రంధ్రాలు. లావు క్యాలిపర్ తగలకుండా చక్రం లోపల చోటుండాలి. పిస్టన్లు పెరిగాయి కనుక మాస్టర్ సిలిండర్ కూడా పెద్దది వేయకపోతే పెడల్ మెత్తగా దిగిపోతుంది. ఒక్క భాగం కోసం బయల్దేరినవాడు నాలుగు భాగాలతో ఇంటికొస్తాడు.

పోలికను నమ్మి మోసపోయే చోట్లూ ఉన్నాయి. ఆర్32 వెనక ఆర్ములు ఎస్13కి పడ్డాయి కదా అని దాని ముందు ఆర్ములు తెచ్చుకుంటే డబ్బు దండగ. ఎస్13 ముందువైపు స్ట్రట్, ఆర్32 ముందువైపు పై ఆర్మ్ కూడా ఉన్న మల్టీలింక్. వెనకవైపైనా 'హైకాస్' ఉన్న బండా కాదా అని చూసుకోవాలి. అది వెనక చక్రాలను కూడా కాస్త తిప్పే ఏర్పాటు. ఆ బండ్ల నకిల్ వేరు.

బిగింపులోనూ ఒక కిటుకుంది. కారు జాకీల మీద, చక్రాలు కిందికి వేలాడుతున్నప్పుడే బుష్ బోల్టు గట్టిగా బిగించడం కొత్తవాళ్లు చేసే తప్పు. చాలా బుష్‌లలో లోపలి ఇనుప గొట్టానికి రబ్బరు అతికి ఉంటుంది. బోల్టు బిగిస్తే గొట్టం కదలదు. ఆర్మ్ ఊగినప్పుడల్లా మెలిపడేది రబ్బరే. వేలాడే స్థితిలో బిగించేస్తే, కారు నేలమీదికి దిగగానే ఆ రబ్బరు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. కొన్నాళ్లకు చిరుగుతుంది. అందుకే పాతకాపు బోల్టును వేళ్లతో తిప్పి వదిలేస్తాడు. చక్రాల మీద బండి బరువు పడ్డాక కిందికి దూరి, టార్క్ రెంచి చప్పుడయ్యేదాకా బిగిస్తాడు. ఆ తర్వాత స్టీరింగ్ ఈ కొస నుంచి ఆ కొసకు తిప్పి బ్రేక్ పైపు సాగుతోందా, టైరు ఎక్కడైనా రాస్తోందా అని చూస్తాడు.

ఇంత తంటా దేనికంటే, డబ్బు ఆదా మొదటి జవాబు. రెండోది, కంపెనీ తయారుచేసి, పరీక్షించి, వేలాది కార్లలో నడిచిన భాగం కనుక దాని గట్టిదనం తెలిసిందే. ఎస్15 తయారీ 2002లో ఆగిపోయాక సిల్వియా అన్నదే రాలేదు. అలాంటి బండి ఇంకా రోడ్డు మీద ఉందంటే ఈ మళ్లింపు విద్య చలవ కొంత ఉంది. మొదట్లో దాన్ని మోసింది కంపెనీ జాబితాలు కాదు, ఏ భాగం దేనికి పడుతుందో నోటికి అప్పజెప్పే మనుషులు. విజయవాడ ఆటోనగర్‌లో 'ఇది దానికి పడుద్ది' అని చూపుతోనే తేల్చే మేస్త్రీ చేసేదీ ఆ జాతి పనే.

చట్టం గీసిన గీత మాత్రం ఉంది. జపాన్‌లో 'షాకెన్' తనిఖీ దాటాలంటే కారు అడుగు నేలకు 9 సెంటీమీటర్ల ఎత్తునైనా ఉండాలి. మన దేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కంపెనీ ఇచ్చిన రూపాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చనివ్వదు.

మళ్లీ ఆ రెండు ఆర్ముల దగ్గరికి వద్దాం. బుష్ పట్టింది, బోల్టు దిగింది, చక్రం తిరిగింది. పాతకాపు ఇంకా చేతులు తుడుచుకోడు. టై రాడ్ వైపు, టైరు అంచు వైపు, ఫెండర్ వైపు చూస్తాడు. ఆ వేలి వెడల్పు ఎక్కడెక్కడికి పాకిందో చూడటం అతని పనిలో సగం.